అదను, పదును, అక్కరకొచ్చే పంట: అనంతపురం మెట్టసేద్యంలో పాత తెలివి ఎంతవరకు పనికొస్తుంది?

జూలై మొదటి వారంలో అనంతపురం జిల్లాలో ఏ ఊళ్లో నలుగురు రైతులు కలిసినా మాట ఒక్కదాని చుట్టే తిరుగుతుంది. రాత్రి పడిన వానకు పదును, అంటే విత్తడానికి తగిన తేమ, చాలుతుందా? గింజ విత్తే గొర్రు కట్టొచ్చా, ఇంకో వాన చూడాలా? విత్తాక వాన మూడు వారాలు మొహం చాటేస్తే విత్తనం ఖర్చంతా మట్టిపాలు. ఆగితే అదను దాటిపోతుంది. ఆ ఏడాది ఇంటి తిండి, పిల్లల ఫీజులు, బ్యాంకులో కుదువపెట్టిన బంగారం, అన్నీ ఈ ఒక్క నిర్ణయం మీదే ఆధారపడి ఉంటాయి.

సంప్రదాయ వ్యవసాయం గురించి ఈమధ్య చాలా చర్చ జరుగుతోంది. తాతల నాటి పద్ధతులకు తిరిగి వెళ్తే అన్నీ చక్కబడతాయని కొందరంటారు. అది కరువుల కాలపు సేద్యం, దాన్ని నమ్ముకుంటే గంజి కూడా దక్కదని ఇంకొందరంటారు. ఈ వాదనలో మూడు వేర్వేరు సంగతులు కలగాపులగం అయిపోయాయి. ఒకటి, మా రాయలసీమలో వందల ఏళ్లుగా సాగిన మెట్టసేద్యం. రెండోది, గత ముప్పై ఏళ్లలో రూపుదిద్దుకుని ఇప్పుడు ప్రభుత్వ కార్యక్రమంగా నడుస్తున్న ప్రకృతి వ్యవసాయం. మూడోది, పాతదంతా మంచిదేనన్న మమకారం. మొదటిదాన్ని విడిగా పెట్టి చూస్తే నాకు అర్థమయ్యేది ఇది: ఆ సేద్యం ఎక్కువ పండించడానికి చేసిన ఏర్పాటు కానే కాదు. ఏ ఏడాదీ పూర్తిగా చేతులెత్తేసే పరిస్థితి రాకుండా నష్టాన్ని చిన్న ముక్కలుగా పంచే ఏర్పాటు. ఆ దృష్టితో చూస్తే ఏది ఇప్పటికీ పనికొస్తుందో, దేన్ని మార్చుకోవాలో తేలిగ్గా తెలుస్తుంది.

ఎంత కురిసిందన్నది కాదు, ఎప్పుడు కురిసిందన్నది

అనంతపురంలో సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి నీరసిస్తాయి. రెండు రుతుపవనాలకూ చివరి పంక్తిలో కూర్చున్న జిల్లా ఇది. అయినా 550 మిల్లీమీటర్లు పంట పండించడానికి చాలని వాన కాదు. కొర్రకు చాలు, సజ్జకు చాలు, కాలం కలిసొస్తే వేరుశనగకూ చాలు. చిక్కంతా అది పడే తీరులో ఉంది. వారం రోజుల్లో కుండపోతగా కురిసి, తర్వాత నెల రోజులు ఆకాశం తెల్లగా ఉండిపోతుంది.

దానికి తోడు నేల. జిల్లాలో ఎక్కువ భాగం ఎర్రనేల, అదీ లోతు తక్కువ, గరుసు ఎక్కువ. పడిన నీటిని ఎక్కువ రోజులు పట్టి ఉంచలేదు. గట్టి వాన పడి ఎండ కాస్తే పైన పెచ్చు కట్టి మొలకను బయటికి రానివ్వదు. తాడిపత్రి, ఉరవకొండ వైపు, ఇటు కర్నూలు జిల్లా ఆదోని, ఆలూరు వైపు నల్లరేగడి ఉంది. దాని లెక్క పూర్తిగా వేరు. అది నీళ్లు తాగి నెలల తరబడి దాచుకుంటుంది కాబట్టి అక్కడి రైతు వానాకాలమంతా నేలను ఖాళీగా ఉంచి, సెప్టెంబరు, అక్టోబరులో జొన్న, శనగ వేసి, నేలలో దాగిన తేమ మీదే పంట తీస్తాడు. యాభై కిలోమీటర్ల తేడాలో రెండు వేర్వేరు సేద్యాలు. సంప్రదాయ పద్ధతి అని మాట్లాడేటప్పుడు ముందు అడగాల్సింది ఏ నేల అని.

ఒక పొలం, నాలుగు కాలాలు

ఎర్రనేలలో మా పెద్దలు చేసిన అసలైన పని కలిపి వేయడం. దాన్ని కాస్త దగ్గరగా చూద్దాం.

ఎద్దుల గొర్రు పొలంలో సాగుతుంటే దాని మీది గిన్నెలాంటి జడ్డిగంలోకి పిడికిట్లోంచి గింజలు వదులుతూ ఒక మనిషి నడుస్తుంది. చాలా ఇళ్లలో ఆ పని ఆడవాళ్లదే. వేళ్ల సందు ఎంత తెరవాలో, గింజ గింజకు ఎంత ఎడం రావాలో ఆ చేతికే తెలుసు. ఏడు సాళ్లో, పదకొండు సాళ్లో వేరుశనగ వెళ్లాక ఒక సాలు కంది. గొర్రు వెనక విడిగా ఒక గొట్టం కట్టి దాంట్లో కందులు వదలడం కూడా ఉంది. పొలం చుట్టూ జొన్నో, సజ్జో రెండు మూడు సాళ్లు. గట్టు పొడుగునా ఆముదం. మధ్యలో అక్కడక్కడ అలసంద, అనుములు, గోంగూర. చూసేవాళ్లకు గందరగోళంగా ఉంటుంది గానీ అందులో ప్రతిదానికీ ఒక లెక్క ఉంది.

వేరుశనగ సుమారు 110 రోజుల పంట. జూలైలో వేస్తే ఊడలు దిగే సమయానికి ఆగస్టు వస్తుంది. సరిగ్గా అప్పుడే వాన ఎగ్గొడితే కాయ పట్టదు. పక్క సాలులోని కంది ఆ సమయానికి మోకాలెత్తు కూడా ఉండదు. అది మొదటి రెండు నెలలు పైకి పెద్దగా ఎదగదు, వేరును కిందికి దించుకుంటుంది. ఆగస్టు ఎండకు ఆకు ముడుచుకుని ఊరుకుంటుంది. సెప్టెంబరు, అక్టోబరు వానలకు లేస్తుంది. వేరుశనగ పీకేశాక పొలమంతా దానిదే. ఏ నెలలో వాన ఎగ్గొట్టినా మొత్తం పొలం ఒకేసారి దెబ్బతినదు. మా జేజి (నాయనమ్మ) దీన్నే, "అన్ని గంపలూ ఒక్క ఎద్దు మీద కట్టకూడదు" అనేది.

నేల కింద ఇంకో పని జరుగుతుంది. ఎర్రనేలల్లో భాస్వరం ఉంటుంది కానీ ఎక్కువ భాగం ఇనుముతో గట్టిగా ముడిపడి ఉంటుంది. మామూలు వేళ్లు దాన్ని లాక్కోలేవు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్‌లో పనిచేసిన శాస్త్రవేత్తలు 1990లో ప్రచురించిన పరిశోధనలో ఒక విషయం బయటపడింది. కంది వేరు పిసిడిక్ ఆమ్లం లాంటి పదార్థాలను మట్టిలోకి వదిలి, ఇనుము పట్టులో ఉన్న ఆ భాస్వరాన్ని విడిపించుకుంటుంది. రాలిన కంది ఆకు ద్వారా ఆ పోషకంలో కొంత పై మట్టికి చేరుతుంది. గాలిలోని నత్రజనిని వేరుబుడిపెల్లో పట్టే పని ఎటూ ఉంది. "కంది వేసిన చేను మరుసటేడు బలంగా ఉంటుంది" అని రైతులు అనుభవంతో చెప్పిన మాటకు వెనక ఇంత రసాయనం ఉంది. మాట ముందు వచ్చింది, కారణం తర్వాత దొరికింది.

ఈ ఏర్పాటులో చిరుధాన్యాలది ఇంకో పాత్ర. కొర్ర 70 నుంచి 90 రోజుల్లో చేతికొస్తుంది. ఎకరాకు విత్తనం 2 కిలోలు చాలు. వేరుశనగకు ఎకరాకు 50 కిలోల పప్పుకు తక్కువ పట్టదు. విత్తాక వాన పడక మొలక చచ్చిపోతే కొర్ర రైతు పోగొట్టుకునేది రెండు కిలోలు, వేరుశనగ రైతు పోగొట్టుకునేది అప్పు తెచ్చి కొన్న బస్తాలు. మళ్లీ విత్తే ధైర్యం ఎవరికి ఉంటుందో చెప్పక్కర్లేదు. జొన్నకు ఇంకో గుణం ఉంది. ఎద్దడి వస్తే ఎదుగుదల ఆపుకుని, ఆకు చుట్టుకుని ఎదురుచూస్తుంది. వాన పడగానే మళ్లీ లేస్తుంది. మడకశిర వైపు, కర్ణాటక సరిహద్దు ఊళ్లలో అండుకొర్ర ఈ కాలం దాకా మిగిలిందంటే, చెట్ల నీడలో కూడా, పలచటి నేలలో కూడా అది పండుతుంది కాబట్టే.

కార్తెలను ఎలా చదవాలి

పాత తెలివి అనగానే అందరికీ గుర్తొచ్చేది కార్తెలు. ఏడాదిని 27 కార్తెలుగా విడగొట్టి, ఒక్కోదానికి పదమూడు, పద్నాలుగు రోజులు ఇచ్చారు. రోహిణిలో రోళ్లు పగులుతాయి. మృగశిరతో వాతావరణం చల్లబడుతుంది. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం తీరుతుంది. ఇవి జ్యోతిషం కాదు, ఏ పక్షంలో ఏం చేయాలో గుర్తుపెట్టుకోవడానికి అల్లుకున్న పని పట్టిక. అక్షరం రాని మనిషి కూడా ఏడాది మొత్తం ప్రణాళికను నోట్లో పెట్టుకుని తిరిగే వీలు.

వీటిలో నాకు అన్నిటికంటే బరువుగా తోచే సామెత "ఉత్తర చూసి ఎత్తర గంప". ఉత్తర కార్తె సెప్టెంబరు మధ్యలో వస్తుంది. అప్పటికీ వాన లేకపోతే ఇక ఆశ పెట్టుకోవద్దు, గంప నెత్తిన పెట్టుకుని పని దొరికే చోటికి వెళ్లమని అర్థం. ఎంత కఠినమైన మాటో! కానీ అందులో ఒక స్పష్టమైన గడువు ఉంది. ఎప్పటిదాకా ఎదురుచూడాలి, ఎప్పుడు ఆపాలి అన్నది తెలియకపోతే రైతు ఇంకా అప్పు చేసి ఇంకా విత్తుతూ పోతాడు. ధాత నామ సంవత్సరంలో, అంటే 1876లో మొదలై రెండేళ్లు సాగిన మహా కరువును చూసిన ప్రాంతం ఇది. వలస వెళ్లే తేదీని కూడా సామెతలో పెట్టుకోవాల్సి వచ్చింది.

ఆ గడువు లోపల కూడా మెట్లున్నాయి. జూలై దాకా వేరుశనగ, కంది. అది దాటితే సజ్జ, కొర్ర. ఆగస్టు కూడా తప్పితే అలసంద, ఉలవ. ఉలవను సెప్టెంబరులో వేసినా కాస్తో కూస్తో గింజ, పశువులకు మేత దక్కుతాయి. ఇప్పుడు హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ జిల్లాకో ప్రత్యామ్నాయ ప్రణాళిక తయారు చేస్తుంది. వాన రెండు వారాలు ఆలస్యమైతే ఇది, నాలుగు వారాలైతే అది అని వరసగా ఉంటుంది. కార్తెల వరస, ఆ ప్రణాళిక పక్కపక్కన పెడితే తర్కం ఒకటే.

అలాగని కార్తె తేదీని కళ్లు మూసుకుని పట్టుకోకూడదు. దీనికి ఖగోళ కారణమే ఉంది. కార్తెలు నక్షత్రాల మధ్య సూర్యుడి స్థానాన్ని బట్టి వస్తాయి. రుతువులు మాత్రం భూమి వాలును బట్టి వస్తాయి. నక్షత్రాలతో లెక్కించే ఏడాదికి, రుతువులతో లెక్కించే ఏడాదికి పొడవులో సుమారు ఇరవై నిమిషాల తేడా. చిన్నదే అనిపిస్తుంది కానీ, దాదాపు 70 ఏళ్లకు ఒక రోజు చొప్పున కార్తెలు రుతువుల కంటే వెనక్కి జరుగుతూ పోతాయి. విజయనగర రాజ్యం తొలినాళ్లలో అల్లిన సామెత ఏదైనా ఉంటే, దాని కార్తె ఈరోజుకు తొమ్మిది, పది రోజులు ఆలస్యంగా వస్తున్నట్టు. వెయ్యేళ్లలో ఒక పూర్తి కార్తె జారిపోతుంది. దీని పైన వాతావరణ మార్పు ఎటూ ఉంది. కాబట్టి కార్తెల నుంచి తీసుకోవాల్సింది వరస, గడువు పెట్టుకునే అలవాటు. తేదీ కోసం వాతావరణ శాఖ సూచన, చేతిలోకి తీసుకున్న మట్టి ముద్ద చూడాలి. పిడికిట పట్టి పిసికితే ముద్ద కట్టి, కింద వేస్తే విరిగిపోయే మట్టి అంటే పదును కుదిరినట్టే. ఈ పరీక్షకు ఏ కాలంలోనూ కాలదోషం పట్టదు.

2000లో ఏం జరిగింది

ఆ ఏడాది ఖరీఫ్‌లో వేరుశనగ చేలు ఉన్నట్టుండి మాడిపోవడం మొదలైంది. ముందు లేత ఆకుల మీద మచ్చలు, తర్వాత కాండం నల్లబడి మొక్క చావడం. కొన్ని వారాల్లోనే జిల్లాలో సుమారు 2 లక్షల 25 వేల హెక్టార్లు దెబ్బతిన్నాయి. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. రైతులు చేతికి దొరికిన మందల్లా కొట్టారు. ఏదీ పనిచేయలేదు.

కారణాన్ని శాస్త్రవేత్తలు తర్వాత తేల్చారు. అది పొగాకు చారల వైరస్. అది వేరుశనగలో పుట్టదు. బీళ్లలో, బాటల పక్కన విచ్చలవిడిగా పెరిగే వయ్యారిభామ మొక్కలో దాక్కుంటుంది, పైకి రోగం కూడా కనబడదు. దాని పుప్పొడిని తామర పురుగులు ఒంటికి అంటించుకుని గాలితో పాటు చేలోకి వస్తాయి. ఆకును గీరినప్పుడు ఆ గాయం గుండా వైరస్ లోపలికి దిగుతుంది. వయ్యారిభామ మన దేశంలో 1950లలో కనబడ్డ కలుపు. కాబట్టి ఈ రోగం గురించి ఏ సామెతలోనూ ఉండదు. ఏ తాతకూ ఇది తెలియదు.

అయితే సిఫారసు చేసిన నివారణ చూడండి. పూతకు రాకముందే ఊరంతా కలిసి వయ్యారిభామను పీకెయ్యడం, విత్తనశుద్ధి (విత్తే ముందు గింజకు మందు పట్టించడం), పొలం చుట్టూ జొన్నో సజ్జో వరసలుగా వేయడం. గాలితో వచ్చే తామర పురుగును ఎత్తైన పైరు అడ్డుకుంటుంది. గట్టు వెంబడి సజ్జ వేసే అలవాటు మా చేలల్లో పూర్వం ఉన్నదే. వేరుశనగ ఒక్కటే వేయడం మొదలయ్యాక, ఆ మూడు సాళ్ల జాగా కూడా వృథా అనిపించి తీసేశారు. పెద్దలు ఆ సజ్జను వేసింది వైరస్ కోసం కాదు, ఇంటి తిండి కోసం, మేత కోసం. అయినా అది ఉన్న చోట అడ్డుగోడగా నిలిచేది. వైవిధ్యం ఉన్న పొలంలో ఇలా అనుకోని రక్షణలు కూడా ఉంటాయి. కానీ రోగ కారణం తెలియకపోతే వయ్యారిభామను పీకాలని ఎవరికీ తోచదు. ఇక్కడ ప్రయోగశాల లేకుండా పొలం గెలవలేదు, పొలంలోని సజ్జ లేకుండా ప్రయోగశాల సలహాకు కాళ్లు రావు.

ఎర్ర గొంగళి పురుగు సంగతి దీనికి తోడుగా చెప్పాలి. తొలకరి గట్టిగా పడ్డ కొద్ది రోజులకే దాని రెక్కల పురుగులు నేలలోంచి గుంపుగా లేస్తాయి. ఆ రాత్రుళ్లు ఊరి వాళ్లంతా గట్ల మీద మంటలు వేసేవారు. వెలుగుకు వచ్చి పడి చచ్చేవి. గొంగళ్లు బారులు తీరి పక్క చేలోకి పోకుండా సాలు లోతుగా తీసేవారు. ఒక్క రైతు మంట వేసి పక్కవాడు వేయకపోతే ప్రయోజనం తక్కువ. ఆ పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది. మాయమైంది ఊరంతా కలిసి ఒకే రాత్రి పొలానికి వెళ్లే అలవాటు.

నీళ్లు, పేడ, మంద

పొలం ఒక్కటే చూస్తే పాత సేద్యం అర్థం కాదు. దాని వెనక చెరువు ఉంది, పశువుల కొట్టం ఉంది, గొర్రెల మంద ఉంది.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు కట్ట దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, చెరువును చెడగొట్టే ఆరు దోషాలు కూడా లెక్కపెట్టారు. కట్టలోంచి నీరు కారడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, చెరువు మధ్యలో మిట్ట ఉండటం ఆ దోషాల్లో ఉన్నాయి. ఇంకొకటి: తక్కువ నీటికి ఎక్కువ ఆయకట్టు పెట్టుకోవడం. ఆరున్నర శతాబ్దాల కిందట రాయి మీద చెక్కిన ఈ దోషాన్నే మనం బోరుబావులతో ఊరూరా చేసి చూపించాం.

చెరువు నుంచి పొలానికి వచ్చేది నీళ్లే కాదు. ఎండాకాలంలో పూడిక మట్టిని బండ్లతో తోలి ఎర్రనేలల్లో పరిచేవారు. పూడికలో సన్నటి బంకమట్టి ఎక్కువ. గరుసు నేల నీటిని పట్టే శక్తి దాంతో పెరుగుతుంది. రెండు వానల మధ్య పైరు ఇంకొన్ని రోజులు తట్టుకుంటుంది. చెరువులో నీటి జాగా పెరుగుతుంది, పొలంలో తేమ పెరుగుతుంది. ఒకే పనికి రెండు ఫలితాలు. ఇందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు, ఉపాధి హామీ పనుల్లో దీనికి ఇంకా పెద్ద పీట వేయాలని నా అభిప్రాయం.

ఇక గొర్రెల మంద. పంట కోసిన చేలో రాత్రిపూట మంద నిలిపితే పేడ, మూత్రం రెండూ నేలకు నేరుగా చేరతాయి. తోలకం ఖర్చు లేదు, కుప్ప వేయడంలో పోయే నత్రజని మిగులుతుంది. రైతు మంద కాపరికి గింజో, డబ్బో ఇచ్చేవాడు. ఈ ఒప్పందం నిలవాలంటే మంద పగలు మేయడానికి బీళ్లు, కొండ వారలు ఉండాలి. ఊరుమ్మడి భూములు కరిగిపోయిన కొద్దీ మందలు తగ్గాయి, మందలు తగ్గిన కొద్దీ చేనుకు బలం తగ్గింది.

రైతు ఎందుకు మారాడు

ఇంత తెలివైన ఏర్పాటును ఎందుకు వదిలేశారని అడిగేవాళ్లుంటారు. అత్యాశ అని తేల్చేవాళ్లూ ఉన్నారు. నేను ఒప్పుకోను.

వేరుశనగ చేతికి డబ్బులిచ్చింది. కాయ అమ్ముకోవచ్చు, కాయ తీశాక మిగిలే కట్టె పశువులకు మంచి మేత. మెట్ట పొలం ఉన్న బీద రైతుకు అంతకు ముందు అలాంటి పంట లేదు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన పథకం అది, తప్పనడానికి నాకు నోరు రాదు. అయితే ఇంట్లో వరి అన్నం వండటం మొదలయ్యాక కొర్ర, ఆరిక పండించాల్సిన అవసరం తగ్గిపోయింది. 1986లో కేంద్రం నూనెగింజల మిషన్ పెట్టి దేశమంతా నూనెగింజల సాగును ప్రోత్సహించింది. విత్తనానికి సబ్సిడీ, పంటకు అప్పు, బీమా, అన్నీ వేరుశనగ చుట్టూ చేరాయి. ఒక దశలో ఉమ్మడి జిల్లాలో ఆ పంట 8 లక్షల హెక్టార్లు దాటింది. 1990లలో నూనె దిగుమతులకు దారి ఇచ్చాక ధర కూడా రైతు చేతిలో లేకుండా పోయింది. కలిపి వేసే పద్ధతి పోయి, మొత్తం భారం ఒక పంట మీద, ఆ పంట భారం మూడు, నాలుగు వానల మీద పడింది. తర్వాత జరిగింది తెలిసిందే. ఆత్మహత్యలు, బెంగళూరుకు వలసలు, అడుగంటిన బోర్లు. బొమ్మనహాళ్, కణేకల్లు మండలాల్లో వేదవతి ఒడ్డున ఇసుక మేటలు పొలాల మీదికి నడిచొస్తున్నాయి.

వేరుశనగను తిట్టాల్సిన పని లేదు. కదిరి పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన కదిరి-6, కదిరి లేపాక్షి లాంటి రకాలు రైతుకు మేలు చేశాయి. దాని పక్కన ఉండాల్సిన మిగతా పంటలను తీసేయడమే తప్పైంది.

ఇప్పటి ప్రకృతి వ్యవసాయం, దాని మీద గొడవ

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఇప్పుడు దేశంలోనే పెద్దది. ఇందులో వాడే జీవామృతం తాతల నాటిది అనుకునేవాళ్లు చాలామంది. 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పేడ, ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు మట్టి కలిపి పులియబెట్టే ఈ తయారీని ప్రచారంలోకి తెచ్చింది మహారాష్ట్రకు చెందిన సుభాష్ పాలేకర్. మా జేజి కాలంలో పేడ దిబ్బ ఉండేది, డ్రమ్ములో పులియబెట్టిన జీవామృతం లేదు. కొత్తది కాబట్టి చెడ్డదని నేననడం లేదు. పాతది అన్న గౌరవంతో పరీక్ష లేకుండా ఒప్పుకోవద్దని అంటున్నాను.

2019లో జాతీయ వ్యవసాయ విజ్ఞాన అకాడమీ ఈ పద్ధతికి తగినన్ని శాస్త్రీయ ఆధారాలు లేవని, దీని మీద ప్రభుత్వం డబ్బు పెట్టవద్దని అభ్యంతరం చెప్పింది. 2024లో అదే కార్యక్రమం పోర్చుగల్ వారి గుల్బెంకియన్ బహుమతిని ఇంకో ఇద్దరితో కలిసి అందుకుంది. రెండూ నిజాలే. నా మటుకు నాకు ఇందులో అన్నిటికంటే విలువైనదిగా తోచేది ద్రావణం కాదు, వానలకు ముందే పొడి దుక్కిలో నవధాన్యాల పేరుతో రకరకాల విత్తనాలు వేయడం. అనంతపురం మెట్ట చేలల్లోనే ఇది బాగా పట్టుబడింది. ఏప్రిల్, మే నెలల్లో పదిహేను, ఇరవై రకాల విత్తనాలకు బంకమట్టి, బూడిద, పేడ పట్టించి గుళికలుగా చేసి చల్లుతారు. చిన్న జల్లుకు మోసపోయి మొలవకుండా, చీమలు, పిట్టలు తినకుండా ఆ పూత కాపాడుతుంది. సరైన వానకు మొలుస్తుంది. తొలకరి కుండపోతకు నేల ఒట్టిగా ఉండదు, మట్టి కొట్టుకుపోదు, పెచ్చు కట్టదు. అసలు పంట వేసే సమయానికి పశువులకు మేత, నేలకు పచ్చిరొట్ట సిద్ధంగా ఉంటాయి. కందులకు ఎర్రమట్టి పట్టించి పుచ్చు పట్టకుండా దాచుకున్న ఇళ్లకు, రాగుల్లో వేపాకు కలిపి పాతరలో పోసిన ఊళ్లకు ఇది పరాయి పనేమీ కాదు.

రసాయనాలు వదిలే పనిని తొందరపాటుతో చేస్తే ఏమవుతుందో 2021లో శ్రీలంక చూపించింది. రసాయన ఎరువులను ఒక్కసారిగా నిషేధించి, పంట పడిపోయి, నవంబరుకల్లా వెనక్కి తగ్గారు. పేడ లేని ఊళ్లో ఎరువు బస్తా ఆపేస్తే నేలకు ఇచ్చేది ఏదీ మిగలదు. సీమలో ఎద్దుల జతలు ఎంత తగ్గిపోయాయో కళ్లముందే ఉంది. పశువు కొట్టంలోకి తిరిగి రావాలంటే ముందు మేత ఉండాలి, కాసే మనిషి ఉండాలి. కలిపి వేసిన చేలో ఒక్కో పంట ఒక్కోసారి కోతకొస్తుంది, దానికి చేతులు కావాలి. ఆ చేతుల్లో ఎక్కువ భాగం ఆడవాళ్లవే. ఈ శ్రమను లెక్కలోకి తీసుకోకుండా పెట్టుబడి సున్నా అని రాయడం అన్యాయం.

ముడి ఎక్కడ పడింది

ఒక రైతు రేపు తన నాలుగెకరాల్లో రెండెకరాలు కొర్ర, కంది, అలసందకు ఇచ్చాడనుకుందాం. విత్తనం దొరుకుతుంది. నంద్యాల పరిశోధనా కేంద్రం ఇచ్చిన సూర్యనంది లాంటి కొర్ర రకాలున్నాయి. ఐదు సాళ్ల కొర్రకు ఒక సాలు కంది అన్న సిఫారసూ ఉంది. తర్వాత రెండు చిక్కులు వస్తాయి.

మొదటిది కాగితం మీద. పంట నమోదులో ప్రధాన పంట ఒక్కటే కనబడితే మిగతా మూడు పంటల నష్టం ఎవరి లెక్కలోకీ రాదు. బీమా, పరిహారం పంట పేరును బట్టి కాకుండా ఆ ఊరి వాన లోటును బట్టి ఎకరానికి ఇంత అని ఇస్తే, ఏ పంట వేయాలన్నది రైతు తన నేలను చూసి తేల్చుకుంటాడు. ఇప్పుడు సబ్సిడీ ఎటు ఉంటే పైరు అటు పోతోంది.

రెండోది మర దగ్గర. జొన్న, సజ్జ, రాగి గింజలకు పై పొట్టు పట్టుకుని ఉండదు, నూరితే పిండి అవుతుంది. అందుకే సంగటి, జొన్నరొట్టె మా ఇళ్లలో ఇంకా నిలిచాయి. కొర్ర, సామ, ఆరిక, అండుకొర్రల మీద గట్టి పొట్టు ఉంటుంది. ఆరికకైతే పొరలు పొరలుగా ఉంటుంది. దాన్ని రోట్లో దంచి, చెరిగి, మళ్లీ దంచి అన్నానికి సిద్ధం చేసే పని ఒక పూటంతా పట్టేది. వడ్ల మరలో పోస్తే సగం నూకవుతుంది. వరి అన్నం దొరికిన రోజున ఆ రోకలిని పక్కన పెట్టిన ఆడవాళ్లను ఎవరైనా ఎలా తప్పుపడతారు?

చిరుధాన్యాల సంవత్సరమని 2023లో ఊరూరా బ్యానర్లు కట్టారు. అనంతపురం, సత్యసాయి జిల్లాల్లో ఇప్పటికీ చాలా మండలాల్లో కొర్ర పొట్టు తీసే మర కోసం గంటల ప్రయాణం చేయాలి. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ, రైతుల సహకార సంఘం ధరణి ద్వారా చిరుధాన్యాలను తానే కొని, పొట్టు తీయించి, అమ్మి చూపించింది. అది పనిచేయడానికి కారణం రైతులకు చేసిన ఉపదేశం కాదు. కోత అయిన వారానికే కాటా పెట్టి డబ్బు ఇవ్వడం, గింజను బియ్యంగా మార్చే యంత్రం దగ్గర్లో ఉండటం. మండలానికి ఒకటి చొప్పున అలాంటి మర పెట్టి, నడిపే బాధ్యత అక్కడి మహిళా సంఘాలకు అప్పగించి, ఆ బియ్యాన్ని హాస్టళ్లకు, అంగన్‌వాడీలకు వారానికి రెండు రోజులైనా కొనాలి. కొర్ర వేయమని రైతుకు చెప్పే శిక్షణ సభలకు పెట్టే ఖర్చులోంచి ముందు ఈ మరలకు డబ్బు కేటాయించాలి.